మీ ఖాతా పరిశీలనలో ఉంది

ఈ కథలో ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను. చివరికి ఆ ఊరి చర్చి పునీతుడి పేరు కూడా మార్చేశాను. మాల్టాలో ఒక ఊరి పునీతుణ్ణి ఇంకో ఊరికి అంటగట్టడం మామూలు తప్పు కాదు, దానికి తలలు పగిలిన రోజులున్నాయి. అయినా వేరే దారి లేదు. ఇందులో సంగతి బయటికి చెప్పడం మా వృత్తిలో జైలుకి పంపేంత నేరం. ఇప్పుడు నేను ఆ వృత్తిలో లేను, కానీ నేను మాల్టా పక్కనుండే చిన్న గోజో దీవి వాణ్ణి. మావాళ్ళు దేన్నీ ఊరికే నమ్మరు.

మాది ఆన్‌లైన్ జూదం కంపెనీ. యజమానులు స్వీడన్‌లో, ఆడేవాళ్ళు ఫిన్లాండులో, జర్మనీలో, ఇంకా ఎక్కడెక్కడో. మాల్టాలో ఉండేవి లైసెన్సు, తక్కువ పన్ను, మేమూ. గ్జీరాలో అయిదో అంతస్తు ఆఫీసు. ఎదుటి క్రేను పక్కకి తిరిగినప్పుడు సముద్రం కనిపిస్తుంది. లైసెన్సు కాగితాలూ పన్ను లెక్కలూ నావి. మనీలాండరింగ్ వాసన పసిగట్టడం మార్తీస్ పని. ఆమె నివేదికల అధికారి, నేను ఆమెకి డిప్యూటీని. ఎవరి డబ్బు మీదైనా అనుమానం వస్తే ఆలస్యం చెయ్యకుండా ప్రభుత్వ నిఘా విభాగానికి రాయాలి. రాసిన సంగతి ఇంకెవరికీ చెప్పకూడదు, ముఖ్యంగా ఆ ఖాతాదారుకి. చట్ట ప్రకారం ఆ విషయాలు ఆమె నాతో మాట్లాడవచ్చు, నేను ఆమెతో మాట్లాడవచ్చు. అంతవరకే.

అంతకుముందు ఏడాది తనిఖీకి వచ్చినవాళ్ళు, మేం నివేదికలు ఆలస్యంగా పంపుతున్నామని జరిమానా వేశారు. అప్పట్నుంచి మా డైరెక్టరు హోకన్ ప్రతి సోమవారం మీటింగులో ఒకే పాట. ఆలస్యం వద్దు, ఆలస్యం వద్దు. పైగా అది లైసెన్సు పునరుద్ధరణ ఏడాది. మార్తీస్ చేరాకే మా నివేదికలు గాడిన పడ్డాయి. ఆ అమ్మాయి పనిలో పొల్లు ఉండదు. ఒక్కోసారి అదే నాకు చిరాకు తెప్పించేది.

జూన్‌లో ఒక ఖాతా ముందు నా కంటనే పడింది. మాల్టాలో ఉండి ఆడేవాళ్ళ దగ్గర మేం గెలుచుకున్నదాంట్లో నూటికి అయిదు ప్రభుత్వానికి కట్టాలి. ఆ పట్టికలో ఒక పేరు ఎదురుగా సున్నా ఉంది. ఎజిదియో కమిల్లేరి, పింఛనుదారు. ఏప్రిల్ నుంచి నలభై వేల యూరోల పైచిలుకు వేశాడు. అన్నీ స్టేషనరీ కొట్లలో నగదిచ్చి కొనే వోచర్లే. ఇరవై, యాభై, వంద. ఒక్క ఆటా ఆడలేదు. మా ఆదాయమంటే ఓడిపోయినవాడి డబ్బు. ఆడనివాడు ఓడడు. ఆయన వల్ల మాకూ ఏమీ రాదు, ప్రభుత్వానికీ రాదు.

"మార్తీస్, ఇలా రా. మీ ఊరాయన మనల్ని బ్యాంకు అనుకుంటున్నాడు" అని పిలిచాను.

చిరునామా చూసి కళ్ళు చిన్నవి చేసింది. "అవును, మా ఊరే. ఎవరో మాత్రం తెలీదు."

"అంత చిన్న ఊళ్ళో తెలీకపోవడమేంటే?"

"మా ఊళ్ళో కమిల్లేరిలు వీధికి అరడజను. ఎజిదియో అనే పేరు నేనెప్పుడూ వినలేదు."

అందులో వింతేమీ లేదు. మా ఊళ్ళలో మనిషిని మారుపేరుతోనే పిలుస్తారు. అసలు పేరు బయటపడేది చర్చి తలుపు మీద చావు కబురు అంటించినప్పుడే. అప్పుడు కూడా కింద మారుపేరు రాస్తేగానీ పోయినవాడెవరో పక్కింటివాళ్ళకి అర్థం కాదు.

"మీ నాన్నకి ఫోన్ చేసి అడుగు" అన్నాను.

"అడిగితే నేను జైలుకి, నువ్వు నా కుర్చీలోకి. అదేనా నీ ఎత్తు?"

"పోనీ ఫొటో తెప్పించుకో."

గుర్తింపు కార్డులు సరిచూసేది మేం కాదు, వేరే దేశంలో ఒక సంస్థ. మాకు వచ్చేది ఆకుపచ్చ టిక్కు ఒకటే. ఫొటో కావాలంటే అడిగి తెప్పించుకోవాలి.

"తెప్పించుకోను" అంది. "చూస్తే తెలిసిన మొహమవుతుంది. తెలిసిన మొహమైతే రాయడానికి చెయ్యి ఆడదు. డబ్బు నడకని బట్టి రాయాలి, మొహాన్ని బట్టి కాదు."

ఆ రోజే రాసి పంపేసింది. ఆ వారంలోనే ఆ ఎజిదియో మొత్తం డబ్బు వెనక్కి ఇమ్మని అడిగాడు. వోచర్లతో వెయ్యడం, ఆడకుండా ఉంచడం, ఒక్కసారిగా తన బ్యాంకు ఖాతాకి లాగడం. మా శిక్షణ పుస్తకంలో దొంగ సొమ్ముకి ఇచ్చిన ఉదాహరణ అచ్చంగా ఇదే. నిఘా విభాగంవాళ్ళు డబ్బు కదలనివ్వద్దన్నారు, ఆపేశాం. ఆపినప్పుడల్లా ఖాతాదారుకి ఒక వాక్యం వెళ్తుంది: 'మీ ఖాతా పరిశీలనలో ఉంది. మీ ఓపికకి ధన్యవాదాలు.' ఆ వాక్యం మార్తీస్ రాసిందే. ఎవరికీ ఏమీ చెప్పదు, ఎవర్నీ నొప్పించదు. దాన్ని చూసుకుని ఆమెకి కాస్త గర్వం కూడా ఉండేది.

జులైలో ఒక ఆదివారం మార్తీస్ వాళ్ళ నాన్న లేలి నన్ను కుందేలు కూరకి పిలిచాడు. లేలి తాపీమేస్త్రీ. పెళ్ళాం పోయాక వంట నేర్చుకున్నాడు, వచ్చినవాళ్ళు మెచ్చుకునేదాకా ఊరుకోడు.

"తినవయ్యా గోజో. మీ దీవిలో కుందేల్ని గోడకి బొమ్మలా తగిలించి, దాన్ని చూస్తూ రొట్టె తింటారటగా?"

"మాకు కనీసం కుందేలుంది. ఇది పిల్లి కాదని ఏంటి గ్యారంటీ?"

"నాన్నా, వాడితో పెట్టుకోకు" అని మార్తీస్ నవ్వింది. ఆ ఎండాకాలంలో నేను చూసిన ఆఖరి నవ్వు అదేనేమో.

ఊరంతా జెండాలు కడుతున్నారు. ఆగస్టులో పునీత రోక్కు పండుగ. కాళ్ళ దగ్గర కుక్కతో ఉండే ఆయన విగ్రహాన్ని ఎనిమిదిమంది భుజాల మీద మోస్తారు. లేలి మోసేది వెనక వరసలో. దాని గురించి మొదలెట్టాడంటే ఆపేవాడు కాదు.

"వెనక వరస అంటే ఏంటో తెలుసా? ఊరేగింపంతా ముందువాడి మెడ చూస్తూ నడవడం. నా ముందు మోసే పెద్దాయన్ని పావురం అంటాం, ఆయన మెడ మీద ఎన్ని పుట్టుమచ్చలున్నాయో నన్నడుగు, చెప్తాను. ముందు కుడి మూల అంటే అదీ చోటు! జనం మొహాలు కనిపిస్తాయి, పిల్లలు పేరు పెట్టి పిలుస్తారు. ఒక్క ఏడాది దొరికితే చాలు, తర్వాత పోయినా పర్లేదు."

భోంచేశాక, పండుగ మేళమూ చందాలూ చూసుకునే బ్యాండు క్లబ్బుకి వెళ్ళాం. అక్కడ డబ్బా పాలు కలిపిన టీ గ్లాసుల్లో పోస్తారు, పెద్దవాళ్ళు పొద్దు గుంకేదాకా ఊళ్ళో పోటీగా ఉన్న అవతలి క్లబ్బుని తిడుతూ కూర్చుంటారు. ఆ పావురం అక్కడే ఉన్నాడు. ఒకప్పుడు మేడ మీద పావురాల్ని పెంచేవాడట, అవి పోయినా పేరు మిగిలిపోయింది. పొడుగు మనిషి. దూలం మోసి మోసి కుడి భుజం మీద బన్నంత కాయ కట్టింది. ఊళ్ళో దాన్ని పతకంలా చూస్తారు, ఎండాకాలంలో బనీను తొడిగేది అది కనబడడానికే. క్లబ్బు కోశాధికారి కూడా ఆయనే. మార్తీస్‌కి చిన్నప్పుడు క్లారినెట్ నేర్పింది ఆయనే.

మార్తీస్‌ని చూడగానే లేచి, "తల్లీ, ఒక్క నిమిషం ఇలా రా" అని మెట్ల కిందికి తీసుకెళ్ళాడు. నేను కూడా వెనకే వెళ్ళాను.

"ఇతనెవరు?"

"విస్టిన్ అని, మా ఆఫీసే బాబాయ్."

"అయితే మరీ మంచిది. ఒకరికిద్దరు."

జేబులోంచి ఫోను తీశాడు. తెర మీద రంగురంగుల పళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి. మా సైటే. పైన మూలన పేరు: ఎజిదియో.

నేను మార్తీస్ వైపు చూడలేదు, చూస్తే ఏమైనా బయటపడుతుందేమోనని.

"మార్చిలో బ్యాంకువాళ్ళు క్లబ్బు ఖాతా మూసేశారమ్మా" అన్నాడు పావురం గొంతు తగ్గించి. "డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో రుజువు చెయ్యమన్నారు. ఇంటింటికీ తిరిగి డబ్బాలో వేయించుకున్న చిల్లరకి రుజువేంటి? వేసిన ముసలమ్మల్ని తీసుకెళ్ళి వరసగా నిలబెట్టనా? ఇంకో బ్యాంకుకి పోతే లోపలికే రానివ్వలేదు. నా పింఛను ఖాతాలో వేద్దామంటే అంత నగదు ఎక్కడిదని అక్కడా అదే ప్రశ్న. ఇంట్లో పెట్టుకుందామంటే మా వీధిలో ఈమధ్యే దొంగలు పడ్డారు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు."

"నేనా?"

"మన పిల్ల అక్కడే ఉందిగా, పెద్ద ఉద్యోగం, డబ్బు మీద కాపలా ఉండేది అదేనని మీ నాన్న ఊరంతా చెప్పాడు. చూస్తే కింద ప్రభుత్వం లైసెన్సు బొమ్మ కూడా ఉంది. ఇంకేం కావాలి? ఖాతా తెరవడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. కార్డు చూపించమంది, చూపించాను. ఫోన్లోకి చూసి నవ్వమంది, నవ్వాను. జన్మలో ఏ బ్యాంకూ నన్ను నవ్వమని అడగలేదు. డబ్బాల్లో డబ్బు వచ్చినప్పుడల్లా కొట్టుకెళ్ళి వోచర్లు కొని ఇందులో వేశాను. ఒక్క ఆట ఆడలేదు తల్లీ, రోక్కు మీదొట్టు. ఇది ఆడడం నాకు రాదు కూడా."

పావురం తెర మీద వేలితో నొక్కాడు.

"ఇప్పుడు లైట్లవాళ్ళకి ఇవ్వాలి, బాణసంచాకి ఇవ్వాలి. తీద్దామంటే ఇదొస్తోంది. దీనర్థమేంటి?"

ఫోను ఆమె చేతిలో పెట్టాడు. మీ ఖాతా పరిశీలనలో ఉంది. మీ ఓపికకి ధన్యవాదాలు. తన వాక్యాన్ని ఆమె ఎవరో రాసినదాన్ని చదివినట్టు మెల్లగా చదివింది.

"కస్టమర్ సర్వీసుకి రాయి బాబాయ్."

"రాశాను. వాళ్ళూ ఇదే పంపారు."

"అయితే కొన్నాళ్ళు ఓపిక పట్టాలి."

"నువ్వు లోపల ఒక్క మాట అడగలేవా?"

"అది నా విభాగం కాదు బాబాయ్."

ఆ కంపెనీలో అది ఆమె ఒక్కదాని విభాగమే. నేను గోడ మీద పాత బ్యాండు ఫొటోలు చూస్తూ నిలబడ్డాను.

"సరేలే, నిన్ను ఇబ్బంది పెట్టను. మీ నాన్నతో మాత్రం అనకు. కమిటీకి నేను ఎక్కడ పెట్టానో చెప్పలేదు. పునీతుడి డబ్బు జూదంలో పెట్టానంటే ఫాదర్ నన్ను గుమ్మం తొక్కనిస్తాడా? పండుగలోపు వచ్చేస్తే ఎవరికీ తెలీదు. వచ్చేస్తుందిగా?"

"చెప్పలేను బాబాయ్."

తిరిగొచ్చేటప్పుడు మార్తీస్ నన్ను తన కార్లో దింపింది. మార్సా కూడలి రద్దీలో ఆగినప్పుడు ఒక్కసారిగా స్టీరింగు మీద అరచేత్తో కొట్టింది.

"దొంగ కూడా ఇంత పద్ధతిగా చెయ్యడు! పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు."

"నువ్వు రాసింది తప్పేం కాదు" అన్నాను.

"తప్పని నేనన్నానా? తప్పయితే దిద్దుకోవచ్చు. ఇదేం చేసుకోను?"

ఆమె చెయ్యగలిగింది ఒక్కటే, అది మర్నాడే చేసింది. నిఘా విభాగానికి ఇంకో నివేదిక రాసింది. ఈ డబ్బు ఫలానా ఊరి పండుగ చందా, క్లబ్బు ఖాతా బ్యాంకు మూసేసింది, ఖాతాదారు నాకు చిన్నప్పట్నుంచి తెలుసు, ఆయన మారుపేరు ఇది. తెలిసినవాడని రాసింది కాబట్టి హోకన్‌కి కూడా చెప్పక తప్పలేదు. ఆయన మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు, నిజాయితీగా చెప్పినందుకు మెచ్చుకున్నాడు, ఆ నోటితోనే ఆమెని పదవిలోంచి తప్పించాడు. లైసెన్సువాళ్ళు వచ్చేలోగా ఇలాంటి మచ్చ ఉండకూడదట. ఆమె కుర్చీ నాకొచ్చింది. ఆమెని శిక్షణ విభాగానికి పంపారు, ఖాతాదారులతో ఏం మాట్లాడకూడదో కొత్తవాళ్ళకి నేర్పడానికి. నాకు ఒళ్ళు మండింది. అయినా కుర్చీలో కూర్చున్నాను, జీతం పెరిగితే వద్దనలేదు.

నిఘా విభాగం నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మేం పంపినవి వాళ్ళకి చేరతాయి, అంతవరకే మాకు తెలిసేది. పని ముగిశాక డబ్బు వదలమనో వద్దనో ఒక్క మాట వస్తుంది. అది వారంలో రావచ్చు, ఏడాదికి రావచ్చు. నేను అధికారి హోదాలో గుర్తుచేస్తూ ఉత్తరం రాశాను. అందింది అన్నారు.

పండుగ దగ్గరపడుతుండగా మార్తీస్ పాత బల్ల మీది సామానుతో వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో లేలి తెల్లటి అంగీ తొడుక్కుని నిలబడ్డాడు. విగ్రహం మోసేవాళ్ళు వేసుకునేది. మార్తీస్ మోకాళ్ళ మీద కూర్చుని అంచు కుడుతోంది. ఆ మనిషి మొహంలో సంతోషమూ సిగ్గూ కలగలిసిపోయి ఉన్నాయి.

"విన్నావా గోజో? ముందు కుడి మూల నాకిచ్చారు."

"మరి పావురం?"

"నిన్న కమిటీవాళ్ళు పిలిచి అడిగారయ్యా. డబ్బు చూపించు, లేకపోతే ఎక్కడుందో చెప్పు అన్నారు. భద్రంగా ఉంది, వస్తుంది అంటాడు. ఎక్కడ అంటే నోరు విప్పడు. క్లబ్బు ప్రెసిడెంటుకి మండి, లెక్క చెప్పలేనివాడు రోక్కుని మొయ్యడానికి వీల్లేదన్నాడు. అప్పుడైనా చెప్తాడనుకున్నాం. లేచి వెళ్ళిపోయాడు. అంతే." లేలి అంగీ చేతులు సవరించుకున్నాడు. "నేనేం అడగలేదు. వరసలో తర్వాతవాణ్ణి నేనే."

"తీసుకోకు నాన్నా" అంది మార్తీస్, సూది ఆపకుండా.

"ఏం?"

"ఆయన డబ్బు తినే మనిషి కాదు."

"నాకు మాత్రం అనిపించడంలేదా? పాతికేళ్ళు ఆయన మెడ చూశాను. కానీ ఊరంతా ఇచ్చిన డబ్బమ్మా. నీకేమైనా తెలుసా?"

సూది ఆగింది. ఆ వంటింట్లో మేం ముగ్గురమే. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరం, అడిగినవాడు మూడో మనిషి. ఆమె ఒక్క మాట అంటే చాలు. లేలి అయిదు నిమిషాల్లో క్లబ్బులో ఉంటాడు, పది నిమిషాల్లో ఊరికంతా తెలుస్తుంది, పావురం చోటు పావురానికి వస్తుంది. ఆ తర్వాత ఆమెని తీసుకెళ్తారు. ఆ ఫైలు మీద ఇప్పుడు సంతకం నాది, నన్నూ తీసుకెళ్తారు. నేను ఆమె మొహంలోకి చూశాను. వద్దు అన్నట్టే చూశానేమో.

"ఊరికే అన్నాను నాన్నా" అంది. "కదలకు, అంచు వంకర పోతోంది."

పండుగనాడు వెళ్ళాను. అప్పు తెచ్చిన డబ్బుతో సగం లైట్లు, సగం బాణసంచా. అవతలి క్లబ్బువాళ్ళు రోక్కుకి కొవ్వొత్తి కొనివ్వనా అని పాట కట్టి పాడారు. రెండు దెబ్బలు కూడా పడ్డాయి, పోలీసులు వచ్చి విడదీశారు. సాయంత్రం విగ్రహం చర్చి మెట్లు దిగింది. ముందు కుడి మూల లేలి. చెమటతో మొహం మెరుస్తోంది, పిల్లలు "లేలీ! లేలీ!" అని అరుస్తున్నారు. జీవితమంతా ఎదురుచూసిన చోటు. అంత సంతోషంగా ఉన్న మనిషిని చూస్తూ అంత బాధపడడం నాకు అదే మొదటిసారి.

విగ్రహం పావురం ఇంటి ముందుకి వచ్చింది. ప్రతి ఏడాదీ అక్కడ ఆపి, ముందు మోసేవాడి ఇంటివైపు ఒకసారి తిప్పుతారు. మోసేవాళ్ళకి అలవాటు కొద్దీ కాళ్ళు ఆగాయి. వెంటనే ప్రెసిడెంటు చెయ్యి ఊపాడు, కదిలిపోయారు. పావురం గుమ్మంలోనే ఉన్నాడు. టోపీ తీసి పట్టుకున్నాడు. కోటు వేసుకున్నాడు, ఆ ఉక్కలో. భుజం మీది కాయ కనబడకుండా.

మార్తీస్ నా పక్కనే నిలబడి ఉంది. చప్పట్లు కొట్టలేదు.

సెప్టెంబరు చివర్లో విభాగం నుంచి కబురొచ్చింది. డబ్బు వదలడానికి అభ్యంతరం లేదు. కారణం లేదు, క్షమాపణ లేదు. మీట నొక్కింది నేనే. మొత్తం ఆ రోజే ఆయన ఖాతాకి వెళ్ళింది. పావురం పండుగకి క్లబ్బు తెచ్చిన అప్పులన్నీ తీర్చి మిగతాది కమిటీ ముందు పెట్టాడట. ప్రెసిడెంటు లెక్క సరిపోయిందని చెప్పి టీ ఇప్పించాడట. చోటు మాత్రం వెనక్కి రాలేదు. ఒకసారి ఇంకొకరు మోసిన మూల వాళ్ళదే. అది ఆ క్లబ్బు కట్టుబాటు, దాన్ని ఎవరూ మార్చరు.

ఆ తర్వాత వారం రిసెప్షన్ నుంచి ఫోను. మార్తీస్ కోసం ఎవరో పెద్దాయన వచ్చాడని. నేనూ దిగాను. పావురం పెళ్ళికి వెళ్తున్నట్టు సూటు వేసుకుని సోఫా అంచున కూర్చున్నాడు, ఒళ్ళో రికోట్టా జున్ను కూరిన పాస్తిజ్జీ పఫ్‌ల పెట్టె. ఎదురు గోడ మీది పెద్ద తెరలో పళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి.

"వేడివేడివి తెచ్చాను, బస్సులో చల్లారిపోయాయి" అన్నాడు. "తల్లీ, నువ్వు లోపల ఎంత పోరాడి ఉంటావో నాకు తెలుసు. చెప్పే వీల్లేక చెప్పలేదు. ఆ రోజు మెట్ల కింద నీ మొహం చూసినప్పుడే అర్థమైంది."

"బాబాయ్, నేనేం చెయ్యలేదు."

"అలాగే అంటావులే. ఒక్క సెంటు తగ్గకుండా వచ్చింది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే వచ్చిందా?"

ఆమె నా వైపు చూసింది. ఆ కుర్చీ పోయినా చట్టం పోదు. అది ఆమెకి నాకంటే బాగా తెలుసు.

"కమిటీలో ఆ రోజు ఫోను తీసి చూపిద్దామనే అనుకున్నాను" అన్నాడు పావురం. "చోటు పోతుందంటే సిగ్గు ఎంతసేపుంటుంది? ఫాదర్ తిడితే తిట్టనీ అనుకున్నాను. కానీ చూపిస్తే కంపెనీ పేరు కనబడుతుంది. అది లేలి కూతురు పనిచేసే చోటని ఊళ్ళో ఎవరికి తెలీదు? ఆ కోపంలో మీ ఇంటి మీద పడేవాళ్ళు. నువ్వేమో నాకోసం తంటాలు పడుతున్నావు, నీమీదికి తోలనా? అందుకే నోరు మూసుకున్నాను."

మార్తీస్ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఆయన కాళ్ళ దగ్గరున్న సంచిలోంచి చిన్న దిండు తీశాడు. మోసేటప్పుడు భుజానికి వేసుకునేది. ఎర్ర బట్ట రంగు వెలిసింది, కుట్లు మాత్రం గట్టిగా ఉన్నాయి.

"ఇది మా అమ్మ కుట్టింది. మీ నాన్నకివ్వు. క్లబ్బువాళ్ళిచ్చేది పలచన, వాడు మా ఇంటి ముందు రెండుసార్లు భుజం మార్చుకోబోయాడు, గుమ్మంలోంచి చూశాను. కుడి మూల బరువు వేరమ్మా. కుక్క ఉండేది అటువైపే."

ఆమె రెండు చేతులతో అందుకుంది. ఏదో అనబోయి నా వైపు చూసింది. నేను ఆఫీసు తలుపు వైపు చూశాను.

"నాన్నకి ఇస్తాను బాబాయ్" అంది.